గిడ్డంగియు, పందికొక్కును



విశాఖపట్టణమున ద్వారకా నగర్ బస్సు స్టేషనుకు సమీపమున నొక దుకాణము గలదు. ఇటీవల పల్లెనుండి వచ్చిన మా బావగారు, తాము కొనిన సిమెంటు బస్తాలకై అచటికి పోయి, "అబ్బాయీ, మీ గిడ్డంగి యెక్కడ?" అని యడిగిరి. కుఱ్ఱవాడు నవ్వి, "గోడౌనా, తాతగారూ?" అనెను. బావగారు చిన్నబోయి మరల ఆ మాట యెత్తలేదు. ప్రక్కనే యున్న నాకును అప్పుడు బదులు తోచలేదు. ఆ బదులే నేటి నా ప్రసంగము.

ఆంగ్లేయులు పదునేడవ శతాబ్దపు చివరి భాగమున విశాఖపట్టణమందు వర్తకస్థానము నెలకొల్పిరి. వారు వచ్చినది మన కావ్యములు చదువుటకు గాదు, సరకులు కొనుటకు. కావున వారి వాడుకలో చేరిన మన మాటలును కావ్యములలోనివి గావు; బండ్లయొద్దను, ధాన్యపు కొట్లయొద్దను వినబడునవి. మన బండిని దక్షిణదేశమందలి ఆంగ్లేయులు 'బ్యాండీ' యనిరి.

1886వ సంవత్సరమున హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అను పండితులు, మన దేశమందలి ఆంగ్లేయుల వాడుకమాటలకు 'హాబ్సన్ జాబ్సన్' అను పెద్ద నిఘంటువును ప్రకటించిరి. గోడౌన్ అను మాట విడదీసినచో ఆంగ్లమున 'క్రిందికి పొమ్ము' అని యర్థమగును. కాని సరకుల కొట్టునకు ఆ పేరు వచ్చుట కది కారణము గాదు. మలయా దేశపు 'గుదాంగ్' అను మాటయే ఆంగ్లేయుల నోట అట్లు మారినది. ఆ గుదాంగునకును, మన గిడ్డంగికిని, తమిళుల కిడంగునకును చుట్టరికము గలదని ఆ పండితుల యూహ. సరకు పడియుండు చోటని దాని యర్థము. మన తీరమునుండియే ఆ మాట సముద్రము దాటి మలయాకు పోయి యుండవచ్చునని చెప్పుదురు గాని, అది నిర్ణయమైన విషయము గాదు. కావున గోడౌన్ మన సొత్తేయని నేను ఒట్టుపెట్టను. గోడౌన్ అని పలుకలేక పల్లెవారు గిడ్డంగి యనిరనుట మాత్రము పొరపాటు.

సందేహము లేని మాట మఱియొకటి గలదు. అది గాదెలకు శత్రువైన పందికొక్కు. కొక్కనగా ఎలుక, పందివలె బలిసి, పందివలె గుఱ్ఱుమను నెలుక యిది. ఆంగ్లేయులు దీనిని 'బాండికూట్' అనిరి. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ఈ జాతికి 'బాండికోటా' యని శాస్త్రనామమే యుంచెను. మఱియు వింత యేమనగా, ఆస్ట్రేలియాకు పోయిన ఆంగ్లేయులు అచట పొడవైన ముట్టె గలిగి, పిల్లలను కడుపు సంచిలో పెంచు జంతువులను జూచి, వానికిని ఆ పేరే పెట్టిరి. అవి ఎలుకలు గావు, మన పందికొక్కునకు బంధువులును గావు. అయినను మన రైతు తిట్టుచు పలికిన పేరు వాని కంటుకొని నేటికిని నిలిచినది.

మనమును ఊరకుండలేదు. పోర్చుగీసువారినుండి మేజా, అలమార, బొత్తాము గైకొంటిమి. ఆంగ్లేయుల 'హాస్పిటల్' ను ఆసుపత్రి చేసికొంటిమి. ఇట్లు తెలుగున చేరిన అన్యదేశ్యములకై సి. పి. బ్రౌన్ దొర 1854లో ప్రత్యేక నిఘంటువునే అచ్చు వేయించెను. విశాఖపట్టణమును వారు నోరు తిరుగక కుదించిన 'వైజాగ్' అను పేరును మన పిల్లలే నేడు ముద్దుగా పలుకుచున్నారు. ఇచ్చి పుచ్చుకొనుట భాషలకు సహజము. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. ఎరువు తెచ్చిన మాట యింట నుండగా సొంత మాటను వీధిలోనికి నెట్టుటయే తప్పు.

పెద్దలారా, గిడ్డంగి, గాదె, పాతర అను మాటలు మీ నోట నున్నంతకాలమే మీ మనుమల చెవిని పడును. ఎవరో నవ్విరని మీరు వానిని మానితిరా, వారికి నేర్పువా రుండరు. మా బావగారు మరల వచ్చినప్పుడు ఆ దుకాణమునకే తోడ్కొని పోయెదను. ఈసారి "గిడ్డంగి యెక్కడ?" అని నేనే యడిగెదను. కుఱ్ఱవాడు నవ్వినచో, పందికొక్కు కథ చెప్పెదను.