సముద్రంలో చేప వలస, చట్టంలో తేదీ

మా మన్నాఏఖేళ్ళికి సముద్రం చాలా దూరం. అయినా మన మంగళూరు తీరపు నూనె కవళ్ళ చరిత్ర నాకు వింతగా తోచింది. 1985కు ముందు ఈ చేప దాదాపు అంతా కేరళ, కర్ణాటక తీరాల్లోనే పడేది. సముద్రం వేడెక్కేకొద్దీ తమిళనాడు, ఆంధ్ర తీరాలకూ పాకిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి మరపడవల వేట ఆపుతారు. ముందు మే 31 దాకా ఉండేది, 2015 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు. పడమట జూన్, జూలై నెలలు.

కవళ్ళు పడమట గుడ్లు పెట్టేది వానాకాలంలో. తూర్పున ఆ వానలు మొదలవుతుండగానే పడవలు కదులుతాయి. చేప క్యాలెండర్ చూసి ఈదదు కదా! నా మటుకు ఆ తేదీలను కొన్నేళ్లకోసారి సరిచూడాలి. ఎందుకంటే ఆ 61 రోజులూ మరపడవ కూలీకి వేట సంపాదన ఉండదు.