తెర మీద నెత్తురు, సీట్లో మన వాటా

రంగం మీద చూపకూడనివంటూ భరతుడి నాట్యశాస్త్రం కొన్నిటిని పక్కన పెట్టింది: యుద్ధం, నగర ముట్టడి, రాజ్యం పోవడం, చావు. అవి జరిగాయని ఎవరో వచ్చి చెప్పాలే తప్ప ప్రేక్షకుడి కళ్లముందు జరగకూడదు. భాసుడి ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు కనక ఆ నియమాన్ని అందరూ తు.చ. తప్పకుండా పాటించారనలేం. మన వీధి భాగవతాలూ తోలుబొమ్మలాటలూ దాన్ని పట్టించుకున్నది ఇంకా తక్కువ. అయినా ఆ నియమం వెనక ఒక ఎరుక ఉంది. చంపారని చెబితే వినేవాడు వింటాడు. చంపి చూపిస్తే చూసేవాడికి అందులో ఏదో పాలు వస్తుంది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఆ కథ ముగిసేదే ఒక తండ్రి పొట్ట చీల్చడంతో. కాబట్టి తెలుగు తెర మీద హింస కొత్తగా చొరబడిందని వాపోవడంలో అర్థం లేదు. అది ఎంత పెరిగిందన్న లెక్క కంటే, దానికి మన ఒప్పుదల ఎలా సంపాదించారన్నది పెద్ద ప్రశ్న. కాలం గడిచేకొద్దీ ఆ ఒప్పుదల చౌకైందనీ, దానికి ముందుగా ఇచ్చే బయానా మాత్రం చాలాసార్లు ఒక ఆడమనిషి ఒంటి మీదే కట్టారనీ నా వాదన.

కీచకుడి సంగతి తీసుకుందాం. 1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావు కీచకుడు, సావిత్రి సైరంధ్రి, బరువులెత్తడంలో పేరుమోసిన దండమూడి రాజగోపాలరావు భీముడు. కీచకుడు చస్తాడని హాల్లో ప్రతి ఒక్కరికీ ముందే తెలుసు, తిక్కనను చదివినవాళ్లకూ, హరికథలో విన్నవాళ్లకూ. ఆ చావుకు అనుమతి ఇచ్చింది కథే. పైగా ఆ కథలోనే ఒక చురక ఉంది. భారతంలో కీచకుడు ద్రౌపదిని విరటుడి కొలువులో తన్నినప్పుడు సభంతా ఊరకుంటుంది, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజుతో సహా. చూస్తూ కూర్చున్నవాళ్ల తప్పును కూడా పురాణం లెక్కలోకి తీసుకుందన్నమాట. రంగారావు నటనకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. దుర్మార్గుడు అంత ఠీవిగా, అంత మత్తుగా నడిచివస్తే చూసేవాడి కన్ను ముందు అతని మీదే వాలుతుంది. చివర్లో వధకు సంబరపడి ఆ మోజును కడిగేసుకోవచ్చు. ఆ ఏర్పాటు అప్పటికే పక్కాగా ఉంది.

పౌరాణికాలు తగ్గి సాంఘికాలు పెరిగాక పురాణం ఇచ్చే అనుమతి లేకుండా పోయింది. కారణాన్ని ప్రతి సినిమాకూ కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. డెబ్భై, ఎనభైల్లో ఆ కారణం తరచుగా ‘రేప్ సీను’. హీరో చెల్లెలో, స్నేహితుడి భార్యో అయిన ఆ మనిషికి కథలో వేరే పనేమీ ఉండదు. ఆమె భయాన్ని కెమెరా ఎంతసేపు పట్టుకుంటే ఆఖరి ఫైటులో హీరో దెబ్బలకు అంత న్యాయం చేకూరుతుంది. 1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’ ఈ లోగుట్టును పట్టుకుంది, పట్టుకుని తానూ అందులోనే చిక్కుకుంది. హత్యకు సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డ లెక్చరర్‌ను రౌడీ నలుగురి ఎదుటా వివస్త్రను చేస్తాడు; జనం గుడ్లప్పగించి చూస్తారు. తర్వాత క్లాసులో ఆమె తన స్టూడెంట్లను నిలదీసిన తీరు తెలుగు సినిమాలో ప్రేక్షకుడి మీద పడ్డ మొదటి గట్టి దెబ్బ. కాకపోతే ఆ వీధి జనం చూసిందే టిక్కెట్టు కొన్నవాళ్లూ చూశారు, వాళ్లకంటే దగ్గరగా. ఆఖర్లో సభావేదిక మీద ఆమె గొడ్డలి ఎత్తినప్పుడు కొట్టిన చప్పట్లలో తప్పు ఒప్పుకున్న ఛాయ ఎంతుందో, తప్పించుకున్న ఊరట ఎంతుందో విడదీయడం కష్టం.

1989లో రాంగోపాల్ వర్మ ‘శివ’తో మారింది దెబ్బ బరువు. అంతకుముందు ‘డిష్యుం’ అన్న శబ్దానికి పదిమంది గాల్లోకి ఎగిరేవాళ్లు. ఇక్కడ కాలేజీలో ఆపి ఉన్న సైకిల్ చైనును నాగార్జున ఒక్క గుంజు గుంజి లాగుతాడు. ఆ ఇనుము తెగిన చప్పుడూ, పిడికిలికి చుట్టుకున్న గొలుసూ చూస్తుంటే మన చెయ్యీ బిగుసుకుంటుంది. దేవుడి చక్రం కాదు, రాజు గద కాదు, ప్రతి స్టూడెంటు దగ్గరా ఉన్న వస్తువు. ఆయుధాన్ని ప్రేక్షకుడి చేతికి అందేంత దగ్గరికి తెచ్చిన సీను అది. దానికి ముందు హీరోయిన్‌కు అవమానం జరిగి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

అసలు గడుసుతనం ఫ్యాక్షన్ సినిమాది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. వీటిలో చాలావాటి అమరిక ఒకటే. మొదటి సగంలో హీరో ఎక్కడో తలవంచుకుని బతుకుతుంటాడు: ఒకచోట హోటల్లో పనివాడు, ఒకచోట డాన్సు మాస్టారు, ఒకచోట కాశీలో టాక్సీ డ్రైవరు. అవమానిస్తే ఓర్చుకుంటాడు. హాల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఓర్పు చిరాకు తెప్పిస్తుంది. వీడు చంపుతాడా లేదా అన్నది ఇక్కడ ఉత్కంఠ కాదు, ఎప్పుడు మొదలుపెడతాడన్నదే. శాంతిగా ఉండటాన్ని గంటసేపు భరించలేని స్థితికి మనల్ని తెచ్చాక ఫ్లాష్‌బ్యాక్ విప్పుతారు. ఇండస్ట్రీ భాషలో దీన్నే ‘ఎలివేషన్’ అంటారు. ఈ సినిమాల ఫ్రేములోనే ఒక ఊరు ఊరంతా నిలబడి ఉంటుంది, దండం పెడుతూ, జేజేలు కొడుతూ. మనం ఎలా చూడాలో నేర్పడానికి పెట్టిన జనం అది. సుమోల్లో వేటకొడవళ్లతో దిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పేరుండదు, ఇల్లుండదు, ఏడ్చే పెళ్లాముండదు. రాయలసీమ కక్షల్లో ఎక్కువగా పోయింది నాయకుల వెంట తిరిగిన అలాంటి అనుచరులేనన్న సంగతి ఆ ఫ్రేములోకి రాదు. ఆ కక్షల్లో భాగంగానే 1997 నవంబరు 19న ‘శ్రీరాములయ్య’ సినిమా ముహూర్తం జరిగిన రోజునే జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, ఈటీవీ సిబ్బందితో సహా. అది జరిగి అయిదేళ్లయినా గడవకముందే తెర మీద సుమోలు పేలుతుంటే ఈలలు పడ్డాయి.

దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. రౌద్రం, భయానకం, బీభత్సం కూడా రసాలేగా అన్నది ఒకటి. నిజమే, కాని రసం పుట్టాలంటే దెబ్బ తిన్నవాడి వైపు కూడా మనసు కొంత వెళ్లాలి. భాసుడి దుర్యోధనుడు కూలిపోయాక కొడుకు వచ్చి తొడ మీద కూర్చోబోతాడు. విరిగిన ఆ తొడను ఏం చేయాలో తండ్రికి తోచదు. మన సినిమా శత్రువుకు అంత సేపు ఇవ్వదు. రెండో జవాబు ఇంకా గట్టిది: సినిమా చూసి ఎవడూ కత్తి పట్టలేదు, పగలు సినిమా కంటే ముందే ఉన్నాయి. ఒప్పుకోవాల్సిందే. సినిమా హంతకులను తయారుచేస్తుందని నేననడం లేదు, ఒప్పుకునేవాళ్లను తయారుచేస్తుందని అంటున్నాను. ‘బాహుబలి 2’ (2017)లో దేవసేన రాజసభలో విచారణకు నిలబడుతుంది. ఆడవాళ్ల ఒంటి మీద చెయ్యేసిన సేనాధిపతి వేళ్లు నరికినందుకు ఆ విచారణ. బాహుబలి సంగతి విని, నరకాల్సింది వేళ్లు కాదని చెప్పి అక్కడికక్కడే తల తెగ్గొడతాడు. విచారణ ఆగిపోయిందన్న స్పృహ కూడా రానంత హోరు హాళ్లలో. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం అక్కడికి వెళ్లి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. అది ఎదురుకాల్పులు కాదనీ, చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ పూలు సినిమా చల్లించిందనను. ఆడపిల్ల మీద ఘోరం, ఆపైన విచారణ లేని శిక్ష, చూసేవాళ్ల చప్పట్లు: ఈ వరస మాత్రం అప్పటికే మనకు కంఠతా వచ్చు.

ఆస్ట్రియా దర్శకుడు మైకేల్ హానెకె 1997లో ‘ఫన్నీ గేమ్స్’ తీశాడు. అందులో హంతకుడు కెమెరావైపు తిరిగి ప్రేక్షకుడితో మాట్లాడతాడు. బాధితురాలు ఎదురుతిరిగి ఒకణ్ని కాల్చేస్తే ఇంకొకడు రిమోటుతో సినిమానే వెనక్కి తిప్పేస్తాడు. కూర్చుని చూస్తున్నావు కనక నువ్వూ దోషివేనని ఒంటరి ప్రేక్షకుడి మీద వేసిన అభియోగం అది. మన మాస్ సినిమా చూసేది వందలమంది ఒక్కటై. గుంపులో తప్పు ఎవరికీ అంటదు. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీరరాఘవ’ ఆ గుంపును చెదరగొట్టాలని చూసింది. అయిదు రూపాయల పేకాట గొడవ రెండు ఊళ్లను తినేసిందని చెప్పి, మొగవాళ్లు పోయాక మిగిలే ఆడవాళ్లకు మాట ఇచ్చింది. మంచి ప్రయత్నమే. కాని ఆ మాట దాకా రావడానికి ముందు దిట్టమైన నరుకుడు ఒకటి చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత అంత మొహమాటం కూడా పోయింది. 2023లో ‘యానిమల్’, ‘సలార్’, 2025లో ‘హిట్ 3’ ఏ సర్టిఫికెట్‌తోనే వచ్చి డబ్బులు చేసుకున్నాయి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం యూఏను 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టి ఎవరు చూడొచ్చో చెప్పింది. చూసినవాళ్ల వాటా దాని పరిధిలోది కాదు.

జనం అడుగుతున్నారు కనకే తీస్తున్నామని నిర్మాతలంటారు. తీసి మా నెత్తిన రుద్దుతున్నారని జనమంటారు. ఎవరి మాట నిలుస్తుందో ఫ్యాక్షన్ సినిమా ముగింపే చెబుతుంది. దాన్ని ఆపింది సెన్సారు కాదు, సీమవాసుల అభ్యంతరాలూ కాదు. 2003లో ‘పలనాటి బ్రహ్మనాయుడు’లో తొడగొడితే రైలు వెనక్కి పోయింది, హాలు నవ్వింది. ఏళ్ల తరబడి అది జోకుగా తిరిగింది. 2010లో పగవాళ్ల ఇంట్లో చిక్కుకుని ప్రాణభయంతో వణికే కథానాయకుడితో ‘మర్యాద రామన్న’ హిట్టయింది. కాబట్టి ఆపే బలం ప్రేక్షకుడికి ఎప్పుడూ ఉంది, వాడుకున్నాడు కూడా. వాడుకున్నది మాత్రం సుమోల కింద పడ్డవాళ్లను తలచుకుని కాదు, రైలు వెనక్కి పోవడం నమ్మలేక.