విద్యుత్ కారు: పాత ప్రశ్నలు

కుటుంబమునకై విద్యుత్తుతో నడచు పెద్దకారు కొనదలచినవారు నేడు మూడు ప్రశ్నలు వేసికొందురు. వెల యెంత? ఒకసారి ఛార్జి చేసిన నెంతదూరము పోవును? దారిలో మరల ఛార్జి యెక్కడ? ఇవి క్రొత్త ప్రశ్నలు కావు.

1900లో అమెరికాలో తయారైన కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575. పెట్రోలువి 936 మాత్రమే. విద్యుత్ కారుకు పొగ లేదు, చప్పుడు లేదు, హ్యాండిలు త్రిప్పు శ్రమ లేదు. పెట్రోలు కార్లకు పేరొందిన హెన్రీ ఫోర్డు భార్య క్లారాగారు సైతము డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారును నడిపెడివారు.

మరి యది యేల వెనుకబడెను? 1908లో 850 డాలర్లకు వచ్చిన ఫోర్డు మోడల్-టి వెల క్రమముగా తగ్గినది. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమరినది. ఊళ్లనడుమ మంచి బాటలు పడినవి. పల్లెలలో మాత్రము విద్యుత్తు లేదు. పట్టణపు వీధులలో మెప్పు పొందిన బండి పొలిమేరకడ ఆగిపోయినది.

కావున మేము చెప్పదలచిన దొక్కటే. వెలను, సొగసును చూచుటతో సరిపెట్టరాదు. ఇంట కారు నిలుపు తావున ఛార్జికి వసతి కలదా, పండుగలకు స్వగ్రామము పోవు దారిలో కలదా యని ముందుగా విచారింపవలెను. బండి మంచిదగుట వేరు. మన దారికి తగినదగుట వేరు.