బిగించినా ఆగని చుక్క

డాలస్ శివార్లలో ఉండే మా మిత్రుడొకడు వీలున్న శనివారమల్లా గరాజ్‌లో బీరు కాస్తాడు. 'కాయడం' అంటే వాడికి కోపం. "సారా కదరా కాచేది, బట్టీ పెట్టి ఆవిరి పట్టి. ఇది వేరు" అంటాడు. నిజమే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళని వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టడం. ఆ లెక్కన సారా కంటే కల్లుకే దగ్గర చుట్టం.

పోయిన నెల నేను వెళ్ళినప్పుడు బాన అడుగున ఉన్న కుళాయి మొదట్లో ఒక్కో చుక్క కారుతోంది. వాడు రెంచి తీసుకుని అర చుట్టు బిగించాడు. చుక్కలు జోరందుకున్నాయి. "ఇంకాస్త తిప్పరా" అన్నాను, నా వంతు సాయంగా. ఇంకో అర చుట్టుకి చుక్క కాస్తా సన్నటి ధార అయింది. పొయ్యి ఆర్పి, బాన వంచి, కుళాయి ఊడదీసి చూస్తే లోపలి సిలికాన్ రింగు నలిగి, గాడిలోంచి సగం బయటికి తన్నుకొచ్చి ఉంది. కారకుండా ఆపాల్సిన దాన్ని మేమే తోసేశామన్నమాట.

ఇంటికొచ్చాక ఈ కారడం సంగతి తవ్వుతూ కూర్చున్నాను. చాలా వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

బీరు శతాబ్దాల పాటు చెక్క పీపాల్లో బతికింది. పీపాకి మేకులుండవు, జిగురుండదు. వంచిన ఓక్ పలకల్ని పక్కపక్కన నిలబెట్టి, మన బండిచక్రానికి పట్టా వేసినట్టు, చుట్టూ ఇనప పట్టాలు దిగేస్తారు. లోపలి బీరుకి తడిసి చెక్క ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. ఇంకా కారితే పీపాలు కట్టేవాళ్ళు పలకల మధ్య ఎండిన జమ్ము ఆకు దూర్చేవారు. ఇనుము గట్టిగా పట్టుకుంటుంది, అంతే. చుక్కని ఆపేది తడిస్తే ఉబ్బే చెక్క, నొక్కితే లొంగే జమ్ము.

18వ శతాబ్దపు చివర్లో లండన్ బీరు కంపెనీలకి పెద్ద బానల పిచ్చి పట్టింది. పోర్టర్ అనే నల్ల బీరుని నెలల తరబడి నిలవ ఉంచడానికి, ఒకరిని మించి ఒకరు, మేడలంత బానలు కట్టారు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు పక్కనున్న హార్స్ షూ బ్రూవరీలో ఒక బాన ఎత్తు 22 అడుగులు. 1814 అక్టోబరు 17, సాయంత్రం నాలుగున్నరకి జార్జ్ క్రిక్ అనే గిడ్డంగి గుమస్తా దాని పట్టాల్లో ఒకటి జారిపోయి ఉండడం చూశాడు. ఒక్క పట్టా బరువే మూడొందల కిలోల పైచిలుకు. పైవాడికి చెబితే, ఏం కాదు, తర్వాత బాగుచేయించడానికి ఒక చీటీ రాసిపెట్టమన్నాడు. ఏడాదికి రెండు మూడుసార్లు జరిగేదే కదా! క్రిక్ చీటీ రాశాడు. గంట తర్వాత, ఆ చీటీ ఇంకా చేతిలో ఉండగానే, బాన పగిలింది. ఆ విసురుకి పక్క పీపాలు బద్దలయ్యాయి, వెనకవైపు ఇటుక గోడ కూలింది. గోడకవతల న్యూ స్ట్రీట్, పేదల ఇళ్ళు. అక్కడో నేలమాళిగలో, చనిపోయిన రెండేళ్ళ పిల్లాడి శవం చుట్టూ ఐరిష్ కుటుంబాలవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ బిడ్డ తల్లితో సహా వాళ్ళలో అయిదుగురు పోయారు. మొత్తం ఎనిమిది మంది, అందరూ ఆడవాళ్ళూ పిల్లలే.

విచారణలో జ్యూరీ ఇది దురదృష్టం, ప్రమాదం అని తేల్చింది. కంపెనీ పరిహారం కట్టనక్కర్లేకపోయింది. పైగా ఒలికిపోయిన బీరు మీద కట్టిన ఎక్సైజు పన్ను దానికి తిరిగి దక్కింది. జనం వీధిలో బీరు దోసిళ్ళతో తాగి చచ్చారన్న కథ ఇంటర్నెట్లో తెగ తిరుగుతుంది. ఆనాటి పత్రికల్లో అది లేదు. పోయినవాళ్ళు బీదలైతే తప్పుని ఎటు తోస్తారో ఆ కథ చెబుతుంది.

చెక్క పోయి లోహం వచ్చాక చిక్కు మారింది. ఇనుము ఉబ్బదు. కోసుగా మరలు కోసిన పైపుల్ని ఒకదాన్లో ఒకటి ఎంత బిగించినా, మర కొసల వెంట మెట్లబావి దారిలాగా సన్నటి సందు చుట్టూ తిరుగుతూ మిగులుతుంది. అందుకే పాత ప్లంబర్లు నారపోగు చుట్టి తెల్లటి పేస్టు పూసేవారు. ఆ తర్వాత టెఫ్లాన్ టేపు వచ్చింది. 1938లో డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టిన పదార్థం అది. టేపుని మర తిరిగే వైపుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు విప్పుకుంటుంది. మావాడు మొదట్లో ఏడాది పాటు ఎదురే చుట్టాడు.

అసలు మలుపు రబ్బరు రింగు. డెన్మార్క్‌లో పుట్టి 1891లో అమెరికా వచ్చిన నీల్స్ క్రిస్టెన్‌సన్ ట్రాములకి గాలి బ్రేకులు చేసిన మనిషి. డెబ్బై దాటాక, 1937లో, గాడిలో కూర్చునే గుండ్రటి రబ్బరు రింగుకి పేటెంటు అడిగాడు. 1939లో వచ్చింది. ఇందులో తమాషా ఏమిటంటే, రింగు మీదికి ఒత్తిడి వచ్చినప్పుడు అది వెనక్కి తగ్గదు, గాడి అంచుకి ఒరిగి సందుని తనే పూడ్చేస్తుంది. తప్పించుకోవాలని తోసేదే తలుపు మూస్తుందన్నమాట. యుద్ధం రాగానే ప్రభుత్వం ఆ పేటెంటుని తీసుకుని అందరికీ పంచి, ఆయన చేతిలో 75,000 డాలర్లు పెట్టింది. ఆయన పోయిన 19 ఏళ్ళకి, 1971లో, కోర్టు గొడవల మీద వారసులకి ఇంకో లక్ష వచ్చింది.

ఈ రింగు ఇంటి బీరులోకి సోడా పీపాల ద్వారా వచ్చింది. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం 1979 ఫిబ్రవరి దాకా నేరమే. కార్టర్ 1978 అక్టోబరులో సంతకం పెట్టిన చట్టంతో పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా అనుమతి దొరికింది. మావాడి బీరు సామాను ఎక్కువగా అటూ ఇటూ ఏరి తెచ్చుకున్నదే. టర్కీ కోడి వేయించే గంగాళం, ప్లంబరు కుళాయి, ఇంకెక్కడిదో గొట్టం. దేనికదే ఇంకో పనికోసం పుట్టింది. మావాడి సామాను కారేది ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే. సోడా కంపెనీలు సంచీ పెట్టెల్లోకి మారాక, వాళ్ళ అయిదు గాలన్ల స్టీలు పీపాలు చవగ్గా మార్కెట్లోకొచ్చాయి. ఒక్కో పీపాకి అయిదు రింగులు. మూతకి పెద్దదొకటి, రెండు ముక్కులకి రెండు, లోపలి గొట్టాలకి రెండు.

చల్లబడితే రబ్బరు గట్టిపడుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్‌ని కూల్చింది అదే. ముందు రాత్రి ఇంజనీర్లు వద్దన్నారు, పైవాళ్ళు వినలేదు. ఏడుగురు పోయారు. తర్వాత విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక రింగు ముక్కని బిగించి, అందరి ముందూ మంచునీళ్ళలో ముంచి, బిగింపు తీసి చూపించాడు. అది వెంటనే మునుపటి ఆకారానికి రాలేదు. క్రిక్ చేతిలో చీటీకీ దీనికీ మధ్య 170 ఏళ్ళు దాటాయి.

మావాడి ఫ్రిజ్‌లో ఇదే జబ్బు చిన్న రూపంలో ఉంది. రాత్రి పెట్టిన గ్యాసు సిలిండర్ తెల్లారేసరికి ఖాళీ. కారే చోటు కంటికి కనపడలేదు, చెవికి వినపడలేదు. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి ప్రతి అతుకు మీదా పోశాం. మూత అంచున, వెనకవైపు, ఒకే ఒక్క బుడగ మెల్లగా ఉబ్బింది. ఈసారి రెంచి తీయలేదు. రింగుని బయటికి తీసి కడిగి, తిండి సామానుకి వాడే గ్రీజు పూసి, గదిలోనే పెట్టి గ్యాసు ఒక్కసారిగా గట్టిగా వదిలితే మూత టప్‌మని కూర్చుంది. ఆ తర్వాతే ఫ్రిజ్‌లోకి.

అయినా ఆ బీరులో రూట్ బీర్ వాసన వచ్చింది. పాత రబ్బరు పీల్చుకున్న సోడా సిరప్ అది, ఎంత కడిగినా పోలేదు. అయిదు రింగులూ కొత్తవి ఆర్డర్ పెట్టాడు.