థాయ్‌లాండ్‌లోనో మలేసియాలోనో ఉండిపోదామనుకుంటున్నారా? అద్దె సంగతి తర్వాత, ముందు వీసా చూడండి

మీది బోథ్ అనుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడు, డిగ్రీ అయిపోయింది. ఒక రాత్రి అతని వాట్సాప్‌కు మెసేజ్ వస్తుంది. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ పని, జీతం డాలర్లలో, భోజనం, వసతి కంపెనీదే, ఇంటర్వ్యూ ఫోన్‌లోనే. వారంలో ఫ్లైట్. వీసా మాటేమిటని అడిగితే, ‘అక్కడికి వీసా అక్కర్లేదు అన్నా, దిగినాక అంతా కంపెనీయే చూసుకుంటది’ అంటాడు ఏజెంట్.

అదే రాత్రి మీరు మీ ఫ్లాట్‌లో కూర్చుని వేరే లెక్క వేస్తుంటారు. ఇక్కడి అద్దె, ట్రాఫిక్, పిల్లల ఫీజులు చూసి విసుగొచ్చి, చియాంగ్ మాయ్‌లోనో, పెనాంగ్‌లోనో, దనాంగ్‌లోనో ల్యాప్‌టాప్ పెట్టుకుని తక్కువ ఖర్చుతో బతకొచ్చు కదా అని యూట్యూబ్ వీడియోలు చూస్తుంటారు.

ఇద్దరూ దిగేది ఒకే విమానాశ్రయంలో. ఇద్దరి పాస్‌పోర్టు మీదా పడేది ఒకే ముద్ర: పర్యాటకుడు. ఆ ముద్రతో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న ఒక్క విషయం తెలియక కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు, మరికొందరు మనుషుల చెరలో పడుతున్నారు. ముందు తమ్ముడి సంగతి చూద్దాం. ప్రమాదం అక్కడే ఎక్కువ.

‘వీసా అక్కర్లేదు’ అంటే అర్థం ఏమిటి?

భారతీయులకు థాయ్‌లాండ్ వీసా లేని ప్రవేశాన్ని 2024 జులైలో 60 రోజులకు పెంచింది. మలేసియా 2023 డిసెంబరు నుంచి 30 రోజులు అనుమతిస్తోంది. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. ఈ గడువులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే వారంలో ఆయా ఎంబసీల వెబ్‌సైట్లలో మళ్లీ చూసుకోవాలి. ఎన్ని రోజులిచ్చినా ఇది చూసి రావడానికి ఇచ్చే అనుమతే. దీంతో అక్కడ జీతానికి పని చేస్తే చట్టవిరుద్ధం. పట్టుబడితే శిక్ష మీకే, ఏజెంట్‌కు కాదు.

నిజమైన ఉద్యోగమైతే క్రమం వేరుగా ఉంటుంది. థాయ్‌లాండ్‌కు ముందు నాన్ ఇమ్మిగ్రెంట్ ‘బీ’ వీసా, ఆ తర్వాత అక్కడి కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్ ఉండాలి. మలేసియాలో కంపెనీయే ముందుగా ప్రభుత్వ అనుమతి తెచ్చి, ఆ కాగితాలు మీకు పంపాలి. విమానం ఎక్కే ముందు ఈ కాగితం చేతిలో లేదంటే, మీ కోసం అక్కడ ఉద్యోగం లేనట్టే. ‘దిగినాక మారుస్తాం’ అన్న మాట వినపడగానే ఫోన్ పెట్టేయొచ్చు.

బ్యాంకాక్ టికెట్, చేరేది మయన్మార్

ఈ ‘డేటా ఎంట్రీ’ ఉద్యోగాల మీద విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. డిజిటల్ సేల్స్, మార్కెటింగ్ ఉద్యోగాల పేరుతో ఐటీ తెలిసిన యువకులను థాయ్‌లాండ్‌కు రప్పించి, అక్కణ్నుంచి అక్రమంగా సరిహద్దు దాటించి ఎక్కువగా మయన్మార్‌కు తీసుకెళ్తున్నారని అందులో చెప్పింది. బ్యాంకాక్ నుంచి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మేసాట్ అనే సరిహద్దు పట్టణం ఉంది. పక్కనే మోయీ నది, అవతలి ఒడ్డున మయన్మార్‌లోని మ్యావడీ. అక్కడ గోడలు, కాపలా ఉన్న పెద్ద ప్రాంగణాల్లో పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లలో, చాటింగుల్లో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారు. చేయనంటే కొడతారు, వదలాలంటే డబ్బు అడుగుతారు. మన ఫోన్లకు వచ్చే నకిలీ ట్రేడింగ్ యాప్‌ల మెసేజ్‌లలో కొన్ని ఇలాంటి చోట్ల నుంచి, ఇలా ఇరుక్కున్న మన పిల్లల చేతుల మీదుగానే వస్తున్నాయి.

2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు మేసాట్ వెళ్లి రెండు రోజుల్లో 549 మంది భారతీయులను తెచ్చాయి. మొదటి రోజు 283 మంది, మర్నాడు 266 మంది. వాళ్లలో తెలుగు వాళ్లూ ఉన్నారు. అంతకు ముందు, 2024 మేలో, ఉద్యోగాల పేరుతో యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. దేశం పేరు మారుతుంది కానీ పద్ధతి మారదు.

పదో తరగతి పాసైతే అడిగేవాళ్లు ఉండరు

ఇది చాలామందికి తెలియని విషయం. విదేశాలకు పనికి వెళ్లేవారి కోసం మనకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. దీని ప్రకారం, పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఈసీఆర్’ రకం అవుతుంది. వాళ్లు పని కోసం 18 దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి తీసుకోవాలి. మనకు ఈ జాబితా అనగానే దుబాయ్, సౌదీ గుర్తొస్తాయి. అందులో థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా కూడా ఉన్నాయి. కంబోడియా, మయన్మార్, లావోస్, వియత్నాం లేవు.

ఈ అనుమతి కోసం ఉద్యోగ ఒప్పందం చూపించాలి, అధికారి దాన్ని పరిశీలిస్తాడు. పదో తరగతి పాసైన వారికి ఆ అవసరం లేదు. అంటే డిగ్రీ చదివిన మీ తమ్ముడి ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు ఎవరూ ఉండరు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తనే చూసుకుంటాడన్న నమ్మకంతో పెట్టిన నిబంధన ఇది. డేటా ఎంట్రీ మోసగాళ్లు వెతికేది కూడా సరిగ్గా ఈ చదువుకున్నవాళ్లనే. కాబట్టి ఆ అధికారి చేయాల్సిన పరిశీలన ఇంట్లో మీరే చేయాలి.

ఏజెంట్ అసలైనవాడో కాదో ఫోన్‌లోనే చూడొచ్చు

విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. లైసెన్స్ నంబరు అడగండి, ఆ జాబితాలో వెతకండి. పేరు ఉన్నా సరిపోదు, లైసెన్స్ ఇప్పటికీ చెల్లుబాటులో ఉందో లేదో చూడాలి. ‘మేం ఫలానా కంపెనీకి సబ్ ఏజెంట్లం’ అంటే, ఆ కంపెనీ ఆఫీసుకే నేరుగా ఫోన్ చేసి అడగండి. లైసెన్స్ లేకుండా జనాన్ని విదేశాలకు పనికి పంపడం ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం, రెండేళ్ల దాకా జైలు ఉంటుంది. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా సేవా రుసుము కింద గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. రెండు లక్షలు అడిగితే మీరు కట్టేది రుసుము కాదు.

రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ అనే సంస్థ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపిస్తుంది. దానికీ లైసెన్స్ ఉంది. వాళ్లు ప్రకటించే ఉద్యోగాలు తక్కువే, అవీ కొన్ని దేశాలకే. కానీ పిలిచిన కంపెనీ నిజంగా ఉందా అని రాత్రంతా కూర్చుని మీరు వెతకాల్సిన పని ఉండదు.

పాస్‌పోర్టు కోసం బోథ్ వాళ్లు హైదరాబాద్ పోనక్కర్లేదు. బోథ్ క్రాస్‌రోడ్డు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఆదిలాబాద్ చేరుకోవచ్చు, అక్కడ హెడ్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు కేంద్రం ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రూ.1,500. పదో తరగతి మెమో మర్చిపోకండి. అది లేకపోతే ఈసీఆర్ ముద్ర పడుతుంది, తర్వాత తీయించడానికి మళ్లీ తిరగాలి.

రూ.275 బీమా

ఉద్యోగ వీసా మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పైన జీఎస్టీ. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు. జబ్బు చేస్తే వైద్యానికి రూ.లక్ష వరకు. ఈసీఆర్ వారికి ఇది తప్పనిసరి. మిగతా వాళ్లు కూడా ఈ-మైగ్రేట్‌లో తమంతట తాము నమోదై తీసుకోవచ్చు.

మన ప్రాంతం వాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమంటే: 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్ దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం రూ.5 లక్షల సాయం ఇస్తోంది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళ్తున్నవాళ్ల కోసం వచ్చిన పథకం అది. థాయ్‌లాండ్, మలేసియా అందులో లేవు. అక్కడ ఏదైనా జరిగితే ఇంటికి అందేది ఈ చిన్న బీమా డబ్బే. అది కూడా పర్యాటకుడిగా వెళ్లినవాడికి ఉండదు.

ఇక మీ లెక్క: ల్యాప్‌టాప్‌తో వెళ్లాలంటే

చియాంగ్ మాయ్‌లో గది అద్దె హైదరాబాద్ ఐటీ కారిడార్ కన్నా తక్కువకు దొరకొచ్చు. వీడియోల్లో చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆ గదిలో ఏడాది పాటు చట్టబద్ధంగా ఉండటానికి అయ్యే ఖర్చును ఆ వీడియోలు చివర్లో ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాయి.

థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ అనే వీసా తెచ్చింది. అయిదేళ్లు చెల్లుతుంది, ఒక్కో విడత 180 రోజులు ఉండొచ్చు. ఇతర దేశాల కంపెనీలకు దూరం నుంచి పని చేసుకోవచ్చు, థాయ్ కంపెనీకి మాత్రం చేయకూడదు. ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి. మన డబ్బులో పదమూడు లక్షలకు అటూ ఇటూ. 50 ఏళ్లు దాటి, రిటైరై ఉండిపోదామనుకునేవాళ్లు 8 లక్షల బాత్‌లు బ్యాంకులో ఉంచాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి. మన దగ్గర మంచి పెన్షన్ వచ్చే టీచరుకు కూడా రెండోది కష్టమే.

మలేసియాలో దీర్ఘకాలం ఉండే ఎంఎం2హెచ్ పథకానికి వెండి స్థాయిలోనే లక్షన్నర డాలర్ల డిపాజిట్ కావాలి. కోటీ పాతిక లక్షల పైమాటే. ఐటీ రంగంలో ఉండి దూరం నుంచి పని చేసేవాళ్లకు డీఈ రంతౌ అనే పాస్ ఉంది, దానికి ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం ఉంటే చాలు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు అందులో పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది. వియత్నాంలో రిటైర్‌మెంట్ వీసా అంటూ ఏమీ లేదు.

ఏది ఎంచుకున్నా, ముందు మీ కంపెనీ హెచ్ఆర్ నుంచి విదేశం నుంచి పని చేయడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. మేనేజర్ నోటి మాట సరిపోదు. వీసా గడువు దాటితే థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20,000 బాత్‌ల జరిమానా. 90 రోజులు దాటాక మీ అంతట మీరే బయటికి వెళ్లినా ఏడాది నిషేధం. ఈలోగా పట్టుబడితే అయిదేళ్లు. అక్కడ భూమి కొనాలన్న ఆలోచన ఉంటే వదులుకోండి, విదేశీయుల పేరున థాయ్‌లాండ్‌లో భూమి రాయరు. కాండోలో ఫ్లాట్ మాత్రం కొనొచ్చు.

ఇక్కడి లెక్కలు కూడా కొన్ని మారతాయి. ఉద్యోగం మీద విదేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. బోథ్‌లో నాన్న పేరున ఉన్న పత్తి చేను వారసత్వంగా మీకు రావచ్చు, ఇప్పటికే మీ పేరున ఉన్నది ఉంచుకోవచ్చు. కానీ ఎన్ఆర్ఐ అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. పక్క చేను కొనాలన్న ఆలోచన ఉంటే వెళ్లకముందే తేల్చుకోండి.

ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే?

మీ వాళ్లు బ్యాంకాక్‌లో దిగి, కారులో సరిహద్దు వైపు తీసుకెళ్తున్నారని అనుమానం వస్తే ఆ గంటే ముఖ్యం. నది దాటాక బయటికి తేవడం చాలా కష్టం. లొకేషన్ షేర్ చేయమనండి, పెట్రోల్ బంకు దగ్గరో చెక్‌పోస్టు దగ్గరో దిగిపోయి థాయ్ పోలీసుల దగ్గరికి వెళ్లమనండి. బ్యాంకాక్‌లోని భారత ఎంబసీకి ఫోన్ చేయండి. ఆ నంబరు వాళ్లు బయల్దేరకముందే రెండు ఫోన్లలోనూ సేవ్ చేసి ఉండాలి.

ఇక్కడ ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే దానికో నంబరు వస్తుంది, ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా అదే చెప్పాలి. పంపిన ఏజెంట్ మీద స్థానిక పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఉంటే 1930కి కూడా చెప్పండి. ఏజెంట్‌తో జరిగిన చాటింగ్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, టికెట్, పాస్‌పోర్టు కాపీ వేరే ఫోన్‌లోకి పంపి పెట్టండి. ‘నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అని రెండు రోజులు ఆగితే, ఆ రెండు రోజుల్లోనే ఆ ఫోన్ స్విచ్ఛాఫ్ అవుతుంది.