తల వంచి చూసే కెమెరా

మన ఇళ్ళలో గదిని కమ్రా అంటాం. ఆ మాట అరబీది కాదు, ఫార్సీది కూడా కాదు. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. లాటిన్‌లో ‘కామెరా’ అంటే గది. ఫొటో తీసే కెమెరా కూడా ఆ మాటే. అంటే కమ్రా, కెమెరా ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు. కెమెరా అనే పేరు అరబీ ‘ఖమరా’ నుంచి పుట్టిందని వాట్సాప్‌లో మెసేజీలు తిరుగుతుంటాయి. అది సహీ కాదు. ఈ ఇల్మ్‌లో మనవాళ్ళకు అసలైన హిస్సా ఉండగా, లేనిదాన్ని కల్పించుకోవాల్సిన జరూరత్ ఏముంది?

ఆ అసలు హిస్సా ఇబ్నుల్ హైసమ్‌ది. సుమారు 965లో బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఆలిమ్ ఆయన. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకితే చూపు కలుగుతుందని అంతకుముందు చాలామంది గ్రీకు పండితులు నమ్మేవారు. కాదు, వస్తువు నుంచి వచ్చే వెలుగే కంట్లోకి చేరుతుందని ఆయన ‘కితాబుల్ మనాజిర్’లో దలీల్‌తో చూపించారు. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంచి, బయట వరసగా దీపాలు పెట్టించారు. లోపల గోడ మీద దీపానికొక వెలుగు చుక్క పడింది. ఒక దీపాన్ని మూసేస్తే దాని చుక్క ఒక్కటే మాయమైంది. ఎన్ని దీపాల వెలుగు ఒకే రంధ్రంలోంచి వచ్చినా ఒకదానిలో ఒకటి కలిసిపోదని రుజువైంది. ఆ కితాబు లాటిన్‌లోకి తర్జుమా అయి, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. ఇబ్నుల్ హైసమ్ కెమెరా తయారు చేయలేదు. కెమెరా ఎందుకు పని చేస్తుందో అర్థమయ్యే దారి వేశారు. అది చిన్న సంగతి కాదు.

ఆ చీకటి కమ్రాలు రెండిటిని ఒకదాని మీద ఒకటి పేర్చితే వచ్చేదే ఈ రోజు మనం చెప్పుకునే ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా.

రెండు కమ్రాల డబ్బా

పేరు తెలియకపోయినా చూస్తే మీరు గుర్తు పడతారు. నిలువుగా ఉండే నల్ల డబ్బా. ముందువైపు పైనా కిందా రెండు లెన్సులు. ఫొటోగ్రాఫర్ దాన్ని మెడలో వేసుకుని, నడుము దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలికి చూస్తాడు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో విలేకరుల చేతిలో కనిపించేది ఎక్కువగా ఇదే.

పై కమ్రా చూడటానికి, కింది కమ్రా తీయడానికి. పై లెన్సులోంచి వచ్చిన వెలుగు ఏటవాలు అద్దం మీద పడి, పైకి తిరిగి, గరుకు గాజు పలక మీద బొమ్మ కడుతుంది. కింది లెన్సులో షటర్ ఉంటుంది, దాని వెనక ఫిల్మ్. మంచి కెమెరాల్లో రెండు లెన్సులూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. నాబ్ తిప్పితే రెండూ కలిసి జరుగుతాయి. అందుకే పైన గాజు మీద సాఫ్‌గా కనిపించింది కింద ఫిల్మ్ మీదా సాఫ్‌గా పడుతుంది.

అద్దం కదలదు కాబట్టి ఫొటో తీసే క్షణంలో కూడా కళ్ళకు చీకటి కమ్మదు. పెద్ద చప్పుడు ఉండదు, ‘టిక్’ అంటుంది, అంతే. ఇబ్బందులూ ఉన్నాయి. గాజు మీద బొమ్మ నిటారుగా ఉన్నా కుడి ఎడమలు తారుమారవుతాయి. పిల్లవాడు కుడికి పరిగెడితే గాజులో ఎడమకు పోతాడు. చూసే కన్ను పైన, తీసే కన్ను కింద ఉంటాయి కాబట్టి, మరీ దగ్గరగా తీస్తే గాజులో కనిపించిన తల ఫొటోలో తెగిపోవచ్చు.

ఇందులో వేసేది 120 రకం రీలు. కొడాక్ దాన్ని 1901లో తెచ్చింది, ఇప్పటికీ దొరుకుతోంది. ఒక రీలుకు 12 ఫొటోలు, ఒక్కోటి 6 సెంటీమీటర్లకు 6 సెంటీమీటర్ల చదరం. మామూలు 35 మిల్లీమీటర్ల నెగటివ్ కంటే మూడున్నర రెట్లు పెద్దది. మన పాత ఆల్బముల్లో చదరపు ఫొటోలు ఎందుకు అంత తేటగా ఉంటాయో ఇదే జవాబు.

జర్మనీ నుంచి జపాన్‌కు

రెండు లెన్సుల ఆలోచన 1880ల నాటికే లండన్‌లో ఉంది. కానీ అవి పెద్ద చెక్క పెట్టెలు. దాన్ని చేతిలో ఇమిడే యంత్రంగా మార్చినవాళ్ళు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరానికి చెందిన ఇద్దరు: పాల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె. 1920లో కార్ఖానా పెట్టారు. మొదట మూడు లెన్సుల స్టీరియో కెమెరాలు చేశారు. అటూ ఇటూ ఉన్న రెండు లెన్సులు ఫొటో తీస్తాయి, మధ్యది చూడటానికి. అందులోంచి ఒక తీసే లెన్సు తగ్గించి, మిగిలిన రెండిటిని పైనా కిందా పెడితే? 1929లో అలా బజారుకు వచ్చిందే రోలీఫ్లెక్స్. 1933లో దానికి చవకైన చెల్లెలు రోలీకార్డ్ వచ్చింది. 1937 నాటి ఆటోమాట్ మోడల్‌లో రీలు ఎక్కిస్తే మొదటి ఫొటో ఎక్కడ మొదలవ్వాలో కెమెరాయే కనిపెట్టేది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కారీగర్లు ఈ నక్షా అందుకున్నారు. నకల్‌తో మొదలుపెట్టి ఉస్తాదులయ్యారు. 1955లో మినోల్టా ఆటోకార్డ్, 1957లో యాషికా మ్యాట్ వచ్చాయి. మామియా వాళ్ళు లెన్సులు మార్చుకునే ట్విన్ లెన్స్ చేశారు. సోవియట్ రష్యా లుబితెల్ అనే తేలికపాటి కెమెరా చేసింది. ఆ మాటకు అర్థం ‘షౌకీన్’ అనే. చైనా సీగల్ చేసింది.

మన దేశంలో విదేశీ కెమెరా కొనడం అప్పట్లో మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు. దిగుమతుల మీద అంత కట్టడి. అందుకే అది ఇంట్లో కాకుండా స్టూడియోలో ఉండేది. యాషికా, రోలీకార్డ్ ఒక స్టూడియో చేతికి వస్తే ఇరవై ముప్పై ఏళ్ళు దాని రోజీరోటీ అదే. 1960లో ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ఏర్పడి, ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ సరుకు అమ్మింది. నికాహ్ ఫొటోలు, పాస్‌పోర్ట్ ఫొటోలు, గల్ఫ్‌కు పోయే ముందు కుటుంబమంతా కూర్చుని దిగిన గ్రూపు ఫొటోలు, చాలా ఊళ్ళలో ఇలాంటి కెమెరాల లోంచే వచ్చాయి.

తల వంచడంలో ఉన్న అదబ్

ఈ కెమెరాకు ఒక స్వభావం ఉంది. కంటి దగ్గర పెట్టుకునే కెమెరా తుపాకీలా ఎదుటి మనిషి వైపు గురి చూస్తుంది. ఇది అలా కాదు. తీసేవాళ్ళు తల వంచుతారు. ముఖానికి కెమెరా అడ్డం రాదు. మాట్లాడుతూ తీయవచ్చు, నవ్విస్తూ తీయవచ్చు. కొత్త పెళ్ళికూతురు, కెమెరా ముందు ఎప్పుడూ నిలబడని నానీ, ఏడుపు మొహం పెట్టిన పసివాడు, వీళ్ళ బెరుకు సగం అక్కడే తగ్గిపోతుంది.

ఈ కెమెరా స్త్రీల చేతుల్లోకి కూడా వెళ్ళింది. గుజరాత్‌లోని నవ్‌సారీలో 1913లో పుట్టిన పార్శీ మహిళ హోమాయ్ వ్యారావాలా, మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్, రోలీఫ్లెక్స్ వాడారు. చీర కట్టుకుని, కెమెరాలు మోసుకుంటూ, మగ విలేకరుల మధ్య నిలబడి దేశ విభజన నాటి ఢిల్లీని ఫొటోల్లో పట్టుకున్నారు. 2011లో ఆమెకు పద్మ విభూషణ్ ఇచ్చారు.

మన ఇళ్ళలో ఆడపిల్లలకు చెప్పాల్సిన పేరు ఇంకొకటి ఉంది: సాయిదా ఖానమ్. 1937లో పాబ్నాలో పుట్టారు. అక్క అమెరికా నుంచి తెచ్చిచ్చిన రోలీకార్డ్‌తో హునర్ నేర్చుకున్నారు. 1956 నుంచి ఢాకాలో ‘బేగం’ అనే స్త్రీల వారపత్రికకు పని చేశారు. బంగ్లాదేశ్‌లో ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకున్న తొలి మహిళ ఆమే. 1971లో రైఫిళ్ళు పట్టి వరసలో నిలబడ్డ యువతుల ఫొటో ఆమె తీసిందే. 2019లో ఆ దేశం ఏకుషే పదక్‌తో గౌరవించింది, మరుసటి ఏడు కన్నుమూశారు. ముస్లిం ఇంట్లో ఒక అక్క చెల్లెలికి నగ బదులు కెమెరా తెచ్చింది. ఆ ఒక్క తోహ్ఫా ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

ఒక మాట మరిచిపోవద్దు. తల వంచినంత మాత్రాన అదబ్ వచ్చేయదు. ఇదే కెమెరాను పక్కకు తిప్పి, ఎదుటివాళ్ళకు తెలియకుండా కూడా తీయవచ్చు. అదబ్ డబ్బాలో లేదు, పట్టుకున్న మనిషి నీయత్‌లో ఉంది. ఇజాజత్ అడగడం ఎప్పుడూ మన మీదే ఫర్జ్.

ఇప్పుడు కొనాలంటే

షోకేసులో పెట్టడానికైతే ఏదైనా ఒకటే. వాడటానికైతే కొంచెం హిసాబ్ చేయాలి.

మొదటిసారి కొనేవాళ్ళకు యాషికా మ్యాట్ గానీ రోలీకార్డ్ గానీ చాలు. యాషికా మ్యాట్ 124జీ తయారీ 1986 దాకా సాగింది కాబట్టి వయసులో చిన్నది. అందులోని లైట్ మీటరు పాత పాదరసం సెల్లుతో నడిచేది, ఆ సెల్లు ఇప్పుడు రాదు. మీటరు చెడిపోయిందని కెమెరా వదిలేయకండి. ఫోన్‌లో మీటరు యాప్ ఉంటే సరిపోతుంది. ఆటోకార్డ్ లెన్సు మహా బాగుంటుంది, కానీ ఫోకస్ పిడి విరిగే రకం, బలంగా తిప్పకూడదు. మామియా దగ్గరి ఫొటోలకు మేలు, కానీ బరువు మెడకు తెలుస్తుంది. లుబితెల్ చవక, కానీ ప్లాస్టిక్ శరీరం, గాజులో ఫోకస్ తెలుసుకోవడం కష్టం. రోలీఫ్లెక్స్ నవాబు. స్తోమత ఉంటే, మంచి మిస్త్రీ తెలిసి ఉంటే తీసుకోండి.

చేతిలోకి తీసుకున్నాక ఇవి చూడండి. షటర్‌ను 1 సెకను మీద పెట్టి నొక్కండి. మధ్యలో ఆగినా, మరీ ఈడ్చినా లోపల పాత గ్రీజు గట్టిపడిందన్న మాట. వెనక మూత తెరిచి, షటర్‌ను ‘బి’ మీద పట్టి, లెన్సులోంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి గీతలుంటే అది ఫంగస్. మచిలీపట్నం, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది మామూలు. పై లెన్సులో కాస్త ఉంటే పరవాలేదు, కింది లెన్సులో ఉంటే ధర తగ్గించాలి. నాబ్ తిప్పుతుంటే లెన్సుల పలక వంకరపోకుండా నిటారుగా జరగాలి. లోపల ఒక ఖాళీ స్పూలు ఉందో లేదో చూడండి, అది లేకుండా రీలు ఎక్కదు. లోపలి అద్దాన్ని మాత్రం గుడ్డతో తుడవకండి. దాని పూత పైవైపే ఉంటుంది, గీతలు పడి పోతుంది. ఇంటికి తెచ్చాక పాత తోలు సంచిలో దాచకండి, ఫంగస్‌కు తోలు ఇష్టమైన ఇల్లు.

పన్నెండు ఫొటోల సబర్

వంద స్పీడు ఫిల్మ్ వేసి, నిండు ఎండలో ఎపర్చర్ 16, షటర్ 1/125 పెట్టండి. పాత ఉస్తాదుల లెక్క అదే, దాదాపు తప్పదు. నీడలోకి వస్తే ఎపర్చర్ 5.6కు తెరవండి. పిల్లలను తీయడానికి ఈ కెమెరా మరీ బాగుంటుంది. నడుము దగ్గర పట్టుకుంటాం కాబట్టి అది వాళ్ళ కళ్ళ ఎత్తులోనే ఉంటుంది, పెద్దవాళ్ళు పైనుంచి చూసినట్టు ఉండదు.

ఫోన్‌లో ఒక్క దావత్‌కు మూడు వందల ఫొటోలు తీసి ఒక్కటీ ప్రింటు చేయం. ఇక్కడ ఉన్నవి పన్నెండే. నొక్కేముందు చూస్తాం, ఆగుతాం, మళ్ళీ చూస్తాం. రీలు కడిగి వచ్చేదాకా ఎదురుచూస్తాం. ఆ సబర్‌లోనే లజ్జత్ ఉంది.

కొనే మాట ఎలా ఉన్నా, కొనకుండా చేయాల్సిన పని ఒకటి ఉంది. చికాగోలో పిల్లలను చూసుకునే ఆయాగా బతికిన వివియన్ మేయర్ రోలీఫ్లెక్స్‌తో లక్షకు పైగా నెగటివ్‌లు తీసింది. ఎవరికీ చూపించలేదు. 2007లో గోదాములో ఉన్న ఆమె పెట్టెలు వేలానికి పోతే, కొన్నవాళ్ళు చూశాక గానీ లోకానికి తెలియలేదు. మన ఊళ్ళలో మూతబడ్డ స్టూడియోల అటకల మీద కూడా అలాంటి పెట్టెలు ఉన్నాయి. వాటిలో ఒక్కటే ఫొటో దిగిన దాదీలు ఉన్నారు, ఫొటోయే మిగలని దాదాలు ఉన్నారు. కొన్ని ఇప్పటికే కబాడీకి పోయాయి.

మీ ఊరి పాత స్టూడియో వాళ్ళను వెళ్ళి అడగండి. మీ ఇంటి చదరపు నెగటివ్‌లు దొరికితే ప్లాస్టిక్ కవర్లలో కాకుండా కాగితపు కవర్లలో, తడి లేని చోట పెట్టండి. స్కాన్ చేయించండి. అన్నిటికంటే ముందు, ఆ ముఖాలు గుర్తుపట్టగల ఖాలాను, ఫూఫీని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ఫొటో వెనక పెన్సిల్‌తో పేరు రాయండి. నెగటివ్ ఇంకో యాభై ఏళ్ళు ఆగుతుంది. పేర్లు చెప్పేవాళ్ళు అన్నేళ్ళు ఆగరు.