బహిష్కరణ నుంచి సంజాయిషీ దాకా

కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో 1857లో ఏర్పడిన మూడు విశ్వవిద్యాలయాలూ లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలుగానే మొదలయ్యాయి కనుక, విద్యార్థి నడవడిని కనిపెట్టి ఉండే బాధ్యత చాలాకాలం కళాశాల ప్రిన్సిపాళ్లదే అయింది. గురువు తల్లిదండ్రుల స్థానంలో ఉంటాడన్న ఇంగ్లండు న్యాయసూత్రం ఆ అధికారానికి ఆధారం. తండ్రి కొడుకును మందలించేటప్పుడు సంజాయిషీ అడిగి, సాక్ష్యం రాసుకోడు కాబట్టి ప్రిన్సిపాలుకూ ఆ అవసరం లేదని భావించేవారు. శిక్షల పేర్లు కూడా అక్కడివే. నేటికీ వాడుకలో ఉన్న ‘రస్టికేషన్’ అన్న మాటకు మూలం పల్లెటూరు అనే అర్థమున్న లాటిన్ పదం. తప్పు చేసిన విద్యార్థిని విశ్వవిద్యాలయ నగరం నుంచి కొంతకాలం పల్లెకు పంపివేయడం దాని తొలి అర్థం. ఇక్కడ అదే బహిష్కరణగా మారింది. టీసీ మీద ప్రవర్తన గురించి రాసే ఒక్క ముక్క విద్యార్థి పై చదువునూ, సర్కారు కొలువునూ నిర్ణయించగలిగేది.

ఈ అధికారం రాజకీయ ఆయుధమైన ఘట్టం బెంగాల్ విభజనతో మొదలైంది. 1905 అక్టోబరులో బెంగాల్ ప్రభుత్వం పక్షాన కార్లైల్ జారీచేసిన సర్క్యులరు, విద్యార్థులను స్వదేశీ ఉద్యమానికి దూరంగా ఉంచని విద్యాసంస్థలకు గ్రాంట్లు ఆపుతామని హెచ్చరించగా, 1907లో భారత ప్రభుత్వ హోం కార్యదర్శి రిస్లీ పేరిట వెలువడిన మరో సర్క్యులరు ఇటువంటి కట్టడినే దేశమంతటికీ విస్తరించింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించినప్పుడు, ప్రభుత్వ ట్రైనింగ్ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ దృష్టిలో ఆ బ్యాడ్జీ క్రమశిక్షణ ఉల్లంఘన. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్లగొట్టడమే కాక, ప్రభుత్వోద్యోగానికి అనర్హుణ్ణి కూడా చేశారు. ఆ మరుసటి ఏడాది ఆయన ‘స్వరాజ్య’ పత్రిక నడిపి రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. బడిపంతులు కావలసిన మనిషిని ఉద్యమ నాయకుణ్ణి చేసింది ఆ బహిష్కరణే అనడం అతిశయోక్తి కాదు.

నిజాం రాజ్యంలోనూ ఇదే వరస సాగింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహాలలో 1938 నవంబరులో విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. వినని వారిని మొదట వసతిగృహాల నుంచి, పిదప చదువు నుంచే తొలగించారు. సమ్మె వరంగల్ వంటి చోట్లకూ పాకింది. బహిష్కృతులలో వందల మందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఒక విశ్వవిద్యాలయం దుష్ప్రవర్తన అన్నదాన్ని మరొక విశ్వవిద్యాలయం దోషంగా చూడలేదంటే, ఆ నియమం నడవడిని కాక పాలకుల భయాన్నే కొలిచిందని గ్రహించవచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత నియమావళులు పెద్దగా మారలేదు గానీ, వాటిని ప్రశ్నించేందుకు న్యాయస్థానం తలుపు తెరుచుకుంది. ఉత్తరప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు అక్రమాల ఆరోపణపై ముగ్గురు విద్యార్థుల ఫలితాలను, వారికి నోటీసైనా ఇవ్వకుండా రద్దు చేసిన వ్యవహారంలో, భవిష్యత్తును దెబ్బతీసే అటువంటి నిర్ణయానికి ముందు వారి వాదన వినితీరాలని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. దీనికి సహజ న్యాయసూత్రమని పేరు. అంటే ఆరోపణ ఏమిటో చెప్పి, సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం కల్పించకుండా ఎవరినీ శిక్షించరాదని అర్థం.

అయితే ఆ సూత్రం అన్నిచోట్లా ఒకే కొలతలో వర్తించదని 1973 నాటి రాంచీ వైద్యకళాశాల తీర్పు చూపింది. రాత్రివేళ అమ్మాయిల వసతిగృహ ఆవరణలోకి చొరబడ్డారన్న ఫిర్యాదుపై ప్రిన్సిపాలు నియమించిన అధ్యాపకుల సంఘం, నిందితులు ఎదుట లేకుండానే విద్యార్థినుల వాంగ్మూలం తీసుకుంది. నిందితుల ఫొటోలను ఇతరుల ఫొటోలతో కలిపి చూపించి గుర్తుపట్టించింది. ఆ తర్వాతే అబ్బాయిలను పిలిచి, ఆరోపణలు వినిపించి, వారి జవాబు రాసుకుంది. ఫిర్యాదు చేసిన ఆడపిల్లలను ముఖాముఖి ప్రశ్నించనివ్వలేదన్న అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నిందితుని మాట వినడంతో పాటు, భయపడే సాక్షిని కాపాడడమూ న్యాయమేనని చెప్పిన ఈ తీర్పు ఎంతో విలువైనది.

ర్యాగింగ్ విషయంలో క్రమశిక్షణ కళాశాల గోడ దాటి శిక్షాస్మృతిలోకి చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన నిషేధ చట్టం ఆటపట్టించి అవమానించడానికి 6 నెలల వరకు జైలు, కొట్టడం, బెదిరించడం వంటివాటికి ఏడాది వరకు, మరణానికి కారణమైతే యావజ్జీవం దాకా శిక్షలు నిర్ణయించింది. దానిలోని మెలకువ మరొకటుంది: ఫిర్యాదు అందినా కదలని సంస్థ అధిపతిని ఆ నేరానికి ప్రోత్సాహకుడిగా పరిగణించింది. దండించే అధికారమే తప్ప జవాబుదారీ ఎరుగని కుర్చీకి ఇది కొత్త. 2009లో యూజీసీ నిబంధనలు విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ప్రమాణపత్రం ఇవ్వాలన్నాయి.

ఇంత జరిగినా పాత బహిష్కరణ చావలేదు. 2015 చివర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను వసతిగృహం నుంచి, ఉమ్మడి స్థలాల నుంచి నిషేధించినప్పుడు, వారు ఆరుబయట వేసుకున్న డేరాకు ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నారు. గ్రంథాలయానికీ తరగతికీ రానిస్తూ, తలదాచుకునే గదినీ నలుగురు కూడే చోటునూ మూసివేయడం ఈ నేలకు తెలిసిన వెలి తప్ప దిద్దుబాటు కాదు. అదే ఏడాది అమల్లోకి వచ్చిన లైంగిక వేధింపుల నివారణ నిబంధనలలో, భద్రత పేరుతో విద్యార్థినుల వసతిగృహాలపై వివక్షాపూరిత నియమాలు విధించరాదని యూజీసీ చెప్పింది. అయినా అమ్మాయిల వసతిగృహం గేటు మాత్రమే ముందుగా మూసే చోట్లు ఇంకా ఉన్నాయి.

నియమావళి చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన మొదటితరం విద్యార్థి దాన్ని చదవకుండానే సంతకం చేస్తాడు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు దాన్ని తెలుగులో అచ్చువేసి ప్రవేశాల రోజునే చేతికివ్వాలి. సంజాయిషీ నోటీసును, దానికి జవాబును తెలుగులో రాసే హక్కు విద్యార్థికి ఉండాలి.